పది లెక్కపెట్టేదాకా

ఆగిన ప్రతిచోటా
హెల్మెట్ తీయకముందే
ట్రెయిలర్ దగ్గరికెళ్లి వంగేది ట్రైఫీనా అత్త.
చక్రం నడుమ ఇనప మూత మీద
అరచెయ్యి ఆనించి
ఒకటి, రెండు, మూడు...
పదిదాకా చెయ్యి నిలిస్తే ప్రయాణం.
ఏడు దగ్గరే లాక్కుంటే
ఆ పూటకి అక్కడే మకాం.

ఈ లాబ్రడార్ తీరంలో
పెద్దావిడ ఎవరైనా అందరికీ అత్తే.
నాకు ఆమెతో చుట్టరికం లేదు.
ఆమె ట్రెయిలర్ అరువు తీసుకున్నవాణ్ణి,
కాల్చుకొచ్చినవాణ్ణి.

బల్లపెట్టెంత ట్రెయిలర్ అది.
లోపల కుట్టుమిషన్ల సామాను,
బాబిన్లు, తోలు బెల్టులు, బిస్కెట్ డబ్బాలో సూదులు.
కార్ట్‌రైట్ నుంచి మేరీస్ హార్బర్ దాకా
ఎవరింట్లో మిషన్ మొరాయించినా
మోటార్‌సైకిల్ వెనక ఇది గెంతుకుంటూ వెళ్లేది.

అప్పటికింకా తారు పడలేదు.
జంక్షన్ దాటాక, గులకరాళ్ల మీద,
వెనకనుంచి ఏదో మూలిగింది.
గాలి అనుకున్నాను.
కీచుమంది.
పిట్ట అనుకున్నాను.
పొగ లేచాక
అనుకోవడానికి ఇంకేమీ దొరకలేదు.
ఇరుసు కాలి నెమలికంఠం రంగుకి తిరిగింది.
చేపల లారీ వచ్చేదాకా ఆరు గంటలు
నల్ల ఈగలకి నేనే భోజనం.

ఒక్క మాట అనలేదు అత్త.
రొట్టెలు కాల్చే రేకు పళ్లెంలో కిరసనాయిలు పోసి
మిగిలిన రెండో చక్రం విప్పమంది.
"నీ బండి చక్రం ఒక చుట్టు తిరిగేలోగా
ఈ బుడ్డది రెండు చుట్లు తిరగాలి.
చిన్నదని పని తక్కువనుకున్నావా?"

గ్రీజు పాలు పోసిన టీ రంగులో ఉంది.
"ఎక్కడ నీళ్లలో దించావు?"
బురద కడుగుదామని నది ఒడ్డున, అన్నాను.
"ఆగీ ఆగగానే?"
ఆగీ ఆగగానే.
"మరి, ఒళ్లు కాలుతున్నది చన్నీళ్లలో దిగితే
సీలు సందునుంచి తాగెయ్యదూ?"

కడిగాను, తుడిచాను, ఎండలో ఆరబెట్టాను.
కొత్త గ్రీజు ఎడమ అరచేతిలో ముద్దగా పెట్టి
బేరింగు అంచుతో గీరి గీరి నొక్కాను
రోలర్ల సందుల్లోంచి అవతలికి
గడ్డకట్టిన నేలలో మంచుసూదులు లేచినట్టు
అది పైకి లేచేదాకా.
"ఇంకొంచెం," అంది.
"ఇంకొంచెం."

నట్టు దగ్గర మాత్రం స్పానర్ లాక్కుంది.
"చక్రం తిప్పుతూ బిగించు. ఇప్పుడు మొత్తం వదులు చెయ్యి.
మళ్లీ ఉత్తి వేళ్లతో.
అటూ ఇటూ ఊపితే
వెంట్రుకంత కదలాలి, అంతే.
కదులుతోందా?"
నువ్వే చూడు, అన్నాను.
చూడలేదు.
కొత్త పిన్ను చేతికిచ్చింది.
"పాతది పారెయ్యి. పది సెంట్ల పిసినారితనానికి
చక్రం నీకన్నా ముందు ఇల్లు చేరుతుంది."

మర్నాడు పరీక్షకి నలభై కిలోమీటర్లు.
ముందు నేను, నా వెనక సీటు మీద అత్త,
మా వెనక ఖాళీ ట్రెయిలర్.
ఆపగానే ఆమె దిగి
అలవాటుగా వంగి, చెయ్యి ఆనించి
లెక్కపెట్టింది.
పది అయింది.
ఇరవై.
ముప్ఫై దగ్గర కూడా
ఆ చెయ్యి తీయాలని దానికి తెలియలేదు.

అప్పుడు చూశాను.
వేళ్లు, అరచెయ్యి మెత్తలు
మైనం పోసినట్టు తెల్లగా.
రెండు శీతాకాలాల కిందట
సముద్రం గడ్డ మీద స్నోమొబైల్ ఆగిపోయిన రాత్రి
తడి చేతితొడుగులు తీసుకున్నవి
తిరిగి ఇవ్వలేదు.
సూదిలో దారం ఎలా ఎక్కిస్తోందో ఇన్నాళ్లూ?
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పక్కకి జరిగింది.
"నువ్వు పెట్టు," అంది, రోడ్డువైపు చూస్తూ.
పెట్టాను.
పదిదాకా నిలిచింది.
"ఎలా ఉంది?"
పోసి పెట్టిన టీ కప్పులా ఉందత్తా.

"పోసి ఎంతసేపైన కప్పు?"