పలక మందం

చీమకుర్తిలో ఇరవై రెండేళ్లుగా
నల్లరాయికి పాలిష్ పట్టిన చేతులు నావి.
చుక్కల రాయి. మొహం కనపడాలి దాంట్లో.
వెంట్రుకంత గీత తేలినా
కొనేవాడు సుద్దముక్కతో ఇంటూ కొట్టి పోతాడు.

ఆ సుద్దముక్కే జేబులో ఇంటికి తెచ్చానేమో.
నూటికి తొంభైతొమ్మిది చూపిస్తే
ఆ ఒక్కటీ యాడబోయిందే అన్నాను,
నవ్వుతూనే.
నువ్వు నవ్వలేదు.

లిఖితా,
నీ నోటుబుక్కుల్లో కొట్టివేతలుండవు.
ఒక్క ఒత్తు వంకరపోతే
పేజీ చింపి మళ్లీ మొదటినుంచీ.
అదే చేత్తో అన్నాన్ని
మెతుకు మెతుకూ దిద్దడం ఎప్పుడు మొదలెట్టావో
మీ అమ్మకీ అంతుబట్టలేదు.
"కాలేజీలోనే తిన్నా" అనేదానివి.
దొండకాయ వేపుడు పళ్లెం అంచున చల్లారేది.
గాజులు మోచేతి దాకా జారేవి.
అడగదు, అలగదు, బంగారం అని
క్వారీలో అందరికీ చెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

ఒంగోల్లో డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది.
నాకు నోరు తిరగలేదు.
నాకు తెలిసింది రాయి ఒక్కటే:
మందం తగ్గేకొద్దీ
పలక ఎంత మెరిసినా
ఎత్తేటప్పుడు విరుగుద్ది.

మన గడప ముందు పరిచింది
ఇంటూ పడ్డ రాయే, అమ్మాయ్.
గీత ఇప్పటికీ ఉంది, కాలికి తగులుద్ది.
నువ్వు దానిమీదే నడక నేర్చావు.
వానొస్తే ఆ గీతలో నీళ్లు నిలిస్తే
చీమలకి కాగితప్పడవలు వేసేదానివి.

ఈ పూట రెండు ముద్దలు తిన్నావు.
మూడోది పళ్లెంలోనే ఉంది.
ఉండనీ.
నేను లెక్క రాయను.