'ప' మీట

కర్నూలు కలెక్టరాఫీసు గోడవార
నీడ జరిగే కొద్దీ స్టూలు జరుపుకుంటా
ముప్పైరెండేండ్లుగా టైపు కొడుతున్నాను.
పేరు మద్దిలేటి. పేజీకి పదైదు రూపాయలు.
తప్పు పడితే ఆ పేజీకి డబ్బులడగను.

తస్లీం ఆరా ఏటా ఉగాదికి ముందో వెనకో వచ్చేది,
బండిమెట్ట నుంచి నడిచి, చంకలో రేకుపెట్టె.
మొగుడు గౌస్ పీరు పెట్టెలు చేస్తాడు;
ఈమె కాగితాలకని చిన్నదొకటి చేసిచ్చినాడు, తాళంతో సహా.
"వీసా పొడిగించ ప్రార్థన" అని మొదలుపెట్టేవాణ్ణి.
పుట్టిన ఊరు? కరాచీ.
ప్రస్తుత నివాసం?
"మేనబావ ఇల్లు" అని నవ్వేది.
నేను డోర్ నంబరు కొట్టేవాణ్ణి.

ఊరు దాటాలంటే ఎస్పీ ఆఫీసులో చెప్పాల.
నంద్యాలలో కూతురు కాన్పయితే
పర్మిషను చేతికొచ్చేసరికి
పిల్లోడికి బొడ్డు ఊడిపోయింది.

తొమ్మిదో సంవత్సరం తుంగభద్రా హంద్రీ ఒకటై ఊర్లోకొచ్చిన రాత్రి
జనం బంగారం మూటగట్టుకోని మిద్దెలెక్కినారు.
ఆమె ఎత్తుకునింది రేకుపెట్టెను.
అయినా తడిసింది.
పాస్‌పోర్టును ఆకు ఆకూ విప్పి
వడియాల మాదిరి ఎండబెట్టిందంట,
కాకులు రాకుండా చిన్నకొడుకు కట్టె పట్టుకోని కాపలా.
నా మిషను నాలుగో రోజు బురదలో దొరికింది.
అప్పట్నుంచీ 'ప' మీట
వరసలో నిలవదు, రవ్వంత పైకి ఎగిరి పడుతుంది.
పాకిస్తాన్, పొడిగింపు, ప్రార్థన:
ఆమె అర్జీలో ఎక్కడ చూసినా ఎగిరే అక్షరమే.

పౌరసత్వం అర్జీ కూడా నేనే కొట్టినాను.
మొదటి అక్షరం అదే మరి.
ముందు ఆ దేశం వద్దనుకున్నట్టు కాగితం తెమ్మన్నారు.
ఢిల్లీ నుంచి అది వచ్చింది. ఇది రాలేదు.
ఎనిమిది నెలలు తస్లీం ఆరా ఏ దేశం మనిషీ కాదు.
ఆ ఎనిమిది నెలలూ దోమలు కుట్టినాయి,
కరెంటు బిల్లు వచ్చింది,
రంజాను నెల ఆ మధ్యలోనే పడింది.
"అక్కడ ఒకరోజు, ఇక్కడ ఒకరోజు కదా సారూ పండగ,
నేను ఎవరి నెలవంక చూడాల?" అనడిగింది.
నాకేం తెలుసు. రిబ్బను మార్చుకుంటున్నాను.

మా నాయన పుట్టింది మద్రాసు రాష్ట్రంలో,
పెండ్లి చేసుకునింది కర్నూలు రాజధానిగా ఉన్న మూడేండ్లలో,
సచ్చిపోయింది ఇంకో రాష్ట్రంలో.
ఏటికి అవతలి గట్టు నా కండ్లముందరే పరాయిదైంది.
మేము మంచం కూడా జరపలేదు.
ఎవరూ మమ్మల్ని ప్రమాణం చేయమనలేదు.
అడిగింటే
ఏ మాటలు వెతుక్కునేవాళ్లమో.

ఆమెను అడిగినారు. చేసింది.
అంతకుముందు ఆఫీసరు, తెలుగొచ్చునా, అన్నాడంట.
"మటిక్కాయలు కిలో అరవై అంటాడు సార్,
సగానికి సగం ముదురు, ఎవరు తినాల వాటిని?"
గుమాస్తా నోటికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.
ఆఫీసరు సంతకం పెట్టినాడు.

మర్నాడు పొద్దున
ఎస్పీకి చెప్పకుండా, గౌస్ పీరుకూ చెప్పకుండా
బ్రిడ్జి మీద నడిచి అవతలి గట్టుకు పోయింది.
అక్కడ టీ తాగి, బాగలేదని సగం పారబోసి,
తిరిగొచ్చింది.

మొన్న మళ్లీ రేకుపెట్టె.
"ఇంకేం కాగితం తల్లీ?"
కరాచీలో అక్కకు చూపు పోతోందంట,
ఒక కన్ను అయిపోయింది, రెండోది మసక.
పోవాలంటే ఇప్పుడు ఆ దేశం వీసా గావాల.
ఇప్పుడన్నీ ఆన్‌లైనే,
అయినా ముందు నా కాడ కొట్టించుకోని
అది చూసి నెట్టు సెంటరోడు ఎక్కించాలంట.

జాతీయత: భారతీయ.
ఇన్నేండ్లలో ఆ గడిలో 'ప' లేకపోవడం ఇదే మొదలు.
మీట మీదికి పోయిన వేలు
ఊరికే వెనక్కి వచ్చింది.

రాక కారణం?
చాలాసేపు గోడకేసి చూసింది.
"అక్కను చూడటానికి అని కొట్టేదా?"
"కాదు సారూ. నేను ఎట్లైనా చూస్తాను, ఫోన్లో రోజూ చూస్తాను.
ఆమెకు కనపడి రావడానికి. అట్ల కొట్టు."

కనపడి, అని కొట్టినాను.
నడిమధ్య 'ప'
ఎప్పటిలాగే పైకి ఎగిరింది.