ముగ్గురి భాష

నాన్నది హంగరీ, అమ్మది ఎస్టోనియా.
సెగెడ్‌లో, తిసా నది కనిపించే మూడో అంతస్తులో
ఇద్దరికీ పొత్తు కుదిరింది ఎస్పెరాంతోలో.
లోకమంతా ఒక్క నోటితో మాట్లాడుకోవాలని
ఎవరో కూర్చిపెట్టిన భాష.
పదహారు సూత్రాలు. మినహాయింపుల్లేవు.

నాకు ఉగ్గుపాలతో పట్టింది అదే.
మెట్లమీద మోకాలు చెక్కుకుపోతే
ఏడ్చిందీ అందులోనే.
కింది వాటా పిరోష్కా మామ్మ తలుపు తీసి
"ఏ దేశపు పిల్లవే నువ్వు?" అంది.
ఏమని చెప్పను?

పాలు పొంగబోయే ముందు
గిన్నె ఊపిరి బిగబట్టే క్షణముంటుందే,
దానికి ఆ నిఘంటువులో మాట లేదు.
అమ్మ ఒకటి పుట్టించింది.
నేను అలిగి సూప్ తోసేస్తే ఇంకొకటి,
నదిమీద మంచు పగిలే చప్పుడుకి మరొకటి.
సూత్రాలకి లొంగనివి,
మా గడప దాటనివి.

అమ్మ పోయిన చలికాలం
బల్లకి అటు నాన్న, ఇటు నేను.
ప్రపంచ భాష మాట్లాడేవాళ్ళం
ఇక ఇద్దరమే.

నిన్న ఆస్పత్రిలో, తెల్లవారుజామున,
కళ్ళు తెరవకుండానే ఆ పాల మాట అన్నాడు.
నర్సు నావైపు చూసింది: ఏమంటున్నారు?

"పాలు పొంగబోతున్నాయట" అన్నాను.

పాపం, గదంతా వెతికింది
పొయ్యి ఎక్కడుందోనని.