తొట్టి వాలు

ఈ రంపం బాగుంటే ఇలాంటివే ఇంకో ఆరు చేయిస్తారట.
బాగోకపోతే ఎందుకు బాగోలేదో రాసిమ్మని
సహకార సంఘం నన్ను ఒదిలా బరేతో షెడ్డుకి పంపింది.
ఆర్తిగాస్‌లో జులై. రేకుల మీద మంచు ఇంకా కరగలేదు.
చేతి తొడుగులు తీసి
ముందు ఇరుసు పట్టుకున్నాను.

ఏ రంపాన్నయినా ఇరుసు దగ్గరే పలకరించాలి.
బిళ్ళ మెరిసి మాయ చేస్తుంది,
మోటారు గట్టిగా మాట్లాడి నోరు మూయిస్తుంది.
చూపుడువేలితో పైకెత్తితే
వెంట్రుకవాసి ఆడింది.
రాసుకున్నాను.

మోటారు బట్టలుతికే మిషనుది. బెల్టుకి కాపు లేదు,
పక్కనే మేకుకి ఆమె ఉన్ని శాలువా.
రాసుకున్నాను.
మూతకి బస్సు కిటికీ పలక బిగించింది,
దాని మీద ఎవరో తాళంచెవితో గీకిన పేరు: ఇర్మా.
కోతని ఇర్మాలోంచి చూడాలి.
ఇది ఏ గడిలో రాయాలో తెలియలేదు.

తొట్టి మట్టంగా లేదు.
నీటిమట్టం పెట్టి చూశాను,
కుళాయి వైపు బెత్తెడు ఒరిగింది.
"నేల అలా ఉందా?" అన్నాను.
"నేల బాగానే ఉంది" అంది, అంతే.
ఎర్ర సిరాతో రాసుకున్నాను.

రాయిని బిళ్ళ మీదికి లాగడానికి
కప్పీ మీంచి ఒక తాడు,
తాడు చివర ఇసక నింపిన సీసా.
ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల తెల్ల కోట్లు కుట్టిందట ఒదిలా.
"గుడ్డని తోస్తే సూది విరుగుతుంది,
దాని దారిన దాన్ని పోనివ్వాలి" అంటూ
సీసాలోంచి రెండు చెంచాల ఇసక తీసేసింది.
గట్టి రాయికి తక్కువ బరువు.
నేను ఇరవై ఏళ్ళుగా ఎక్కువ బరువు పెడుతున్నాను.
ఆ మాట రాసుకోలేదు.

"రాయి నువ్వే తీసుకో" అంది.
బుట్టలోంచి పిడికిలి కంటే పెద్దది ఏరాను,
గుండ్రంగా, పరీక్షకి అనువుగా.
పట్టులో బిగించింది కూడా నేనే.
నలభై నిమిషాలు మాతే తాగుతూ కూర్చున్నాం.
చప్పుడు ఒకే తీరుగా, మరమగ్గంలా.

ఉన్నట్టుండి గొంతు మారింది.
నాకంటే ముందు ఆమె చెయ్యి స్విచ్చు మీదుంది.

నూనె మజ్జిగలా విరిగింది.
రాయి లోపల గది,
గది గోడలకి స్ఫటికాల గరుకు,
గదిలో ఉండవలసిన నీళ్ళు లేవు.
ఏ లావా చల్లారినప్పుడు చిక్కుకున్నాయో,
మనిషి ముఖం చూడని నీళ్ళు,
డీజిల్ వాసనలో కలిసిపోయాయి.

కొయ్యకముందు చెవి దగ్గర పెట్టి ఊపాలి.
ఈ ఊళ్ళో పదేళ్ళ పిల్లకి తెలుసు.
నీళ్ళున్న రాయి కొయ్యకుండా అమ్మితే
ఆమెకి చలికాలమంతా గడిచేది.
ఒదిలా ఏమీ అనలేదు.
మాతే బుర్రలో వేడినీళ్ళు పోసి
నా వైపు జరిపింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను, సంతకం కోసం.
రాత్రంతా తొట్టిని కదపలేదట.
కుళాయి కింద టీ గ్లాసు పెట్టి
పావు వంతు తిప్పింది.
ముందు బూడిదరంగు బురద కాస్త,
తర్వాత నీళ్ళు, చెంచాడు, చెంచాడున్నర,
ఆ వెనక నిక్కచ్చిగా నూనె.
కట్టేసింది.
నూనె కంటే నీళ్ళు బరువు,
వాలున్న మూలకి వాటంతట అవే నడిచొస్తాయి.
నేల బాగానే ఉంది.

ఎర్ర సిరా గీతని నల్ల సిరాతో కొట్టేశాను.
ఇరుసు మార్చాలి, బెల్టుకి కాపు పెట్టాలి,
శాలువాకి వేరే మేకు.
తొట్టి వాలు: ఆరింటికీ ఇలాగే ఉంచాలి.
తప్పు ఎవరిది అన్న గడిలో నా పేరు రాశాను.

"రాయి ఖరీదు నా లెక్కలో వేసుకో" అన్నాను,
వద్దంటుందనుకుని.
చెవి వెనక పెన్సిలు తీసి
వేసుకుంది.