గోడ మీద తెల్లని చోటు

ఏప్రిల్లో గుంటూరుకి గొంతు పట్టేస్తుంది.
చుట్టుగుంట దాటి యార్డు వైపు తిరిగితే
గాలే దగ్గుతుంది.
మా అమ్మ ఆ గాలిలో కూర్చుని తొడిమలు తీసేది,
టిక్కీకి ఇంతని.
తేజ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప.

రేషను కార్డులో ఆదిలక్ష్మి.
మందిరంలో కెజియమ్మ.
రెండు పేర్లకీ పలికేది,
ఒక్కదానికే లేచి నిలబడేది.

తెల్లారుజామున నాలుగింటికి మోకాళ్ళూనేది.
పంపు వచ్చేలోపు ప్రార్థన అయిపోవాలి మరి.
మంటెత్తే చేతులు ఒకదానికొకటి ఆనించి
"తండ్రీ" అనేది,
ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనేది కాదు.
కరెంటు పోయి ఫ్యాను ఆగిన రోజుల్లో
ఆ ఏమీ అనకపోవడం ఇల్లంతా వినపడేది.

నాకు ఇంటర్‌లో మార్కులొచ్చిన ఏడు
కాగితం కావాల్సొచ్చింది.
సీటు ఆ కాగితం మీద, ఫీజు ఆ కాగితం మీద.
ఎవరో అర్జీ పెట్టారట,
ఆదివారం పూట వీళ్ళు తెల్లచీరలు కట్టుకుని
ఎటు పోతారో కనుక్కోండని.
విచారణకి మనిషొస్తాడన్నారు.

ముందురోజు రాత్రి కోటయ్య మావ వచ్చాడు.
మంచి మనిషి. నాన్న పోయినప్పుడు పెట్టె మోశాడు.
"ఆ క్యాలెండరు తీసెయ్ కెజియా.
మా ఇంట్లో వెంకన్నది ఉంది, పంపిస్తా.
ఒక్క పూట.
దేవుడేమీ అనుకోడు, ఏ దేవుడైనా."

నేనే స్టూలెక్కాను.
నేనే మేకు నుంచి తీశాను.
వెనకాల సున్నం తెల్లగా ఉంది,
తక్కిన గోడంతా పొయ్యి పొగ.
తీసినా అదే ఆకారం,
అంతే కొలత.

అమ్మ అన్నం కలుపుతూ చూసింది.
కోప్పడలేదు.
చెయ్యి కడుక్కొచ్చి, నా దగ్గర్నుంచి అందుకుని
మళ్ళీ మేక్కి తగిలించి
పైట చెంగుతో దుమ్ము తుడిచింది.
"నీ క్యాలెండరు నీ ఇంట్లోనే ఉండనీ అన్నా.
నువ్వు దణ్ణం పెట్టుకునేదాన్ని
నా అబద్ధానికి వాడుకోలేను."

వచ్చినాయన కుర్రవాడే.
గుమ్మంలోనే దగ్గాడు. అమ్మ మంచినీళ్ళిచ్చింది.
తాగి, గ్లాసు తిరిగిచ్చి, పెన్ను మూత తీసి
తలెత్తకుండా అడిగాడు, "ఏ మతమమ్మా?"
ఆమె జవాబు చెప్పకముందే, మెల్లిగా,
"హిందువులేగా?" అన్నాడు.
పాపం, ఔననిపించుకుని పోదామనే వచ్చాడు.

అమ్మ నావైపు చూసింది.
నేను కళ్ళతో బతిమాలాను.
"నేను యేసయ్యని నమ్ముకున్నదాన్ని బాబూ."
గొంతు వణికింది.
చేతిలో ఖాళీ గ్లాసూ వణికింది.
ఆయన రాసుకున్నాడు.

సీటు పోయింది.
వీధిలో అనేవాళ్ళు అన్నారు,
మందిరంలోనూ ఒకరిద్దరు గొణిగారు,
పిల్ల బతుకు పాడుచేసుకుందని.
వాళ్ళ మాటలు అమ్మ కొంగులోంచి దులిపేసింది.
నా మౌనాన్ని ఏం చెయ్యాలో
ఆమెకి తెలియలేదు.
నలభై రోజులు నేను
అన్నం పెట్టమని కూడా అడగలేదు.

ప్రైవేటు డిగ్రీ ఫీజు కోసం
ఆ వేసవి నేనూ యార్డుకి పోయాను.
మొదటి రాత్రి చేతులు నిప్పులు.
కొబ్బరినూనె రాశాను, మజ్జిగలో ముంచాను,
ఊహూఁ.

నాలుగింటికి పక్క చాప మీద ఆమె గొంతు.
పేర్లు చెప్పుకుంటోంది.
కోటయ్యన్న మోకాలి నొప్పి.
అర్జీ రాసిన చెయ్యి, ఎవరిదైనా సరే.
గుమ్మంలో దగ్గిన ఆ పిల్లాడు,
వాడి ఉద్యోగం, వాడి కన్నతల్లి.
తర్వాత నా పేరు.
నా పేరు దగ్గర ఆగిపోయింది.

పంపు వచ్చేసింది.
బయట బిందెల చప్పుడు, తగువులు.
ఆమె లేవలేదు.

చీకట్లో నేను రెండు చేతులూ
ఒకదానికొకటి ఆనించాను.
ప్రార్థనకి కాదు.
మంటకి.
అలా ఆనిస్తే కాస్త తగ్గుతుందని
ఇన్నేళ్ళూ ఆమెని చూసి
నాకు తెలుసు.