హద్దుల వివరం

నలభయ్యొక్క ఏళ్ళుగా
రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల పంచలో కూర్చుని
తెడ్లరేవుని కొంచెం కొంచెంగా అమ్ముతున్నాను.
సెంట్ల లెక్కన, కుంచాల లెక్కన,
ఒక్కోసారి రెండు కొబ్బరిచెట్లూ వాటి దింపు లెక్కన.

ఈ ఊరికి చరిత్ర ఎవరూ రాయలేదంటారు.
రాశారు. లోపల బీరువాలో ఉంది,
చెదలు తిన్నంత పోగా.

"దక్షిణం: ఓడలు కట్టే దిబ్బ" అంటుంది
ముత్తాతలనాటి కాగితం.
దాని మీది కాగితంలో అదే దక్షిణం ఉప్పు కొటారు,
తర్వాత లాంచీల రేవు, ఆపైన పాత లాంచీల రేవు.
నిన్న నా చేత్తో నేనే రాశాను:
కల్యాణమండపం వారి కారు షెడ్డు.
పునాదికి తవ్వితే టేకు చెక్కలు తేలాయి.
పొయ్యిలో పెడితే, ఎన్నాళ్ళ ఉప్పో,
నీలంగా మండాయట.

పడమర కాలువ. దాన్ని గీసినవాళ్ళు
స్కేలు పెట్టి గీశారు, అటు తగాదాల్లేవు,
వంతు నీళ్ళకి బోదె దగ్గర పారలు లేచే రాత్రులు తప్ప.

తూర్పున గోదారి.
అక్కడికొచ్చేసరికి నా కలం కాస్త నెమ్మదిస్తుంది.
"తూర్పున ఏరుంటే సిరాలో రెండు చుక్కలు నీళ్ళు కలుపు,
రేపు చెరిగినా మనసు కష్టపడదు" అనేవారు
నాకీ పని నేర్పిన కాజులూరి నరసింహం గారు.
ఇటు కోసింది అటు మేట వేస్తుంది కదా,
అవతల కొత్త దిబ్బ లేచింది, ఎవరి పేరునా లేదు.
రెల్లు మొలిచింది.
గేదెలు ఈదుకుంటూ వెళ్ళి మేసి
పొద్దుగూకేలోగా ఈదుకుంటూ వస్తాయి.

మొన్న శ్రావణంలో,
ఎర్రనీరు ఇంకా రేవు పైమెట్టు నాకుతుండగా
పంటు దిగి వచ్చింది పెచ్చెట్టి సూరాయమ్మ.
క్యారీబ్యాగులో పట్టా, ముప్పై శిస్తు రసీదులు.
"లంకలో ఎకరం పది సెంట్లండి.
మనవరాలి పేర రాయాలి."

సర్వే నంబరు చూశాను.
ఎనభయ్యారు వరదకి పోయిన లంక.
"అమ్మా, ఇది ఏట్లో ఉంది కదా."
"ఆయ్, ఏట్లోనే.
ఎక్కడికి పోద్దండి? అడుగునే ఉంది.
పొగాకు చాళ్ళు కూడా అలాగే ఉంటాయి.
వచ్చేప్పుడు పంటు మీంచి చూసుకునే వచ్చాను."

ఆఫీసులో ఒప్పుకోరని చెప్పాను.
సర్వేయరు గొలుసు నీళ్ళ మీద పరుచుకోదని చెప్పాను.
ఆవిడ లేవలేదు.
స్టాంపు లేని తెల్లకాగితం తీశాను.

నిధి నిక్షేప జల తరు పాషాణ
అష్టభోగ తేజస్వామ్యములతో సహా,
అని వేలసార్లు రాసిన మాటే మళ్ళీ రాస్తూ
జల దగ్గర ఆగాను.
ఇన్నేళ్ళలో ఆ మాట
ఎప్పుడూ ఇంత బరువు తూగలేదు.

హద్దులు: తూర్పు గోదారి, దక్షిణం గోదారి,
పడమర గోదారి...
"ఆగండాగండి" అంది.
"ఉత్తరం మా ఆడపడుచుదండి. ఆవిడదీ ములిగింది.
ములిగితే మాత్రం, ఆవిడ గట్టు ఆవిడకి ఉండాలా లేదా?"

కొట్టేసి మొదటినించీ రాశాను.
ఉత్తరం: వీరరాఘవమ్మ గారి పొగాకు చేను.
పడమర: రేగుచెట్టు, దాని పక్క కొయ్య.
దక్షిణం: బండ్ల పుంత.
తూర్పు అడిగితే కాసేపు ఆలోచించింది.
"తూర్పు గోదారేనండి. అది అప్పట్నించీ ఉన్నదే."

వేలిముద్ర వేసి, సిరా వేలు
చీర చెంగుకి తుడవకుండా అలాగే ఉంచుకుంది.

నా ఇల్లు అవతలి గట్టున. సాయంత్రం ఇద్దరిదీ ఒకటే పంటు.
మోటారు సైకిళ్ళ మధ్య, అరటిగెలల మధ్య
రెయిలింగు పట్టుకుని నిలబడింది, నాతో మాట్లాడలేదు.
నడి ఏట్లోకి రాగానే
చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.
వంద గజాలు దాటాక
మళ్ళీ వేసుకుంది.