ఎన్నిసార్లని కాదు

గాజువాక నుంచి పాతపోస్టాఫీసు దాకా
ఈ ఊరు నాకు స్టేజీలుగా తెలియదు,
కండక్టర్నే అయినా.
నాకు ఊరంటే గడియ పడని తలుపులు.
ఎన్.ఏ.డి. దగ్గర పెట్రోలు బంకు వెనక ఒకటి,
డ్యూటీ మారితే కాంప్లెక్సులో అయిదు రూపాయలది,
పూర్ణా మార్కెట్లో
ఉల్లిపాయల గోనెల సందులోంచి పోతే
నీళ్లు రానిది ఒకటి.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఏమీ లేదు.
అక్కడ ఊపిరి బిగబట్టి టిక్కెట్లు కొడతాను.

తొమ్మిదేళ్లు నెత్తురు పోయాక
పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది.
మీ పేగు గురించి, అని ఉంటుందనుకున్నాను.
మీ అభిప్రాయం గురించి, అని ఉంది.
కవరు తిప్పి
పేరు నాదేనా అని చూసుకున్నాను.

రెండో అంతస్తు. పొడుగాటి బల్ల.
ఏసీ చల్లదనానికి కడుపు ముందే ఉలిక్కిపడింది.
ఫిషింగ్ హార్బర్ నుంచి మసేను,
ఉతికిన చొక్కాలోనూ ఉప్పు వాసన.
కంచరపాలెం లెక్కల టీచరు కుముదిని గారు.
ఇంటర్ చదివే రెహానా, ముప్పైనాలుగు కిలోల పిల్ల.
అటువైపు డాక్టర్ మృదుల గారు, ఇద్దరు పీజీలు,
ఒక కాగితాల కట్ట.

మొదటి ప్రశ్న: రోజుకు ఎన్నిసార్లు?
రెండోది: రక్తం ఉందా, లేదా?
అలా పద్దెనిమిది, పక్కన ఖాళీ గళ్లు.
"పేగుపూత మీద పరిశోధన మొదలెడుతున్నాం.
ఇవి మేం రాసినవి. కొట్టేయండి" అన్నారు డాక్టరుగారు,
ఎర్ర పెన్నులు మా వైపు దొర్లిస్తూ.

ఎవరమూ ముట్టుకోలేదు.
ఇన్నాళ్లూ ఆవిడ రాస్తే మేం మింగాం.

మసేనే ముందు గొంతు సవరించాడు.
"ఎన్నిసార్లని కాదమ్మా.
బోటు మీద పదకొండు రోజులు, తొమ్మిదిమందిమి.
నడిసంద్రంలో గదేటి, తలుపేటి?
పక్కోడు మొకం అటు తిప్పుకుంటాడు సూడండి,
అది ఎన్నిసార్లో అడగండి."

రాసుకుంటున్న పీజీ కుర్రాడు ఆగిపోయాడు,
దాన్ని దేంతో కొలవాలో తెలీక.

కుముదిని గారు మెల్లగా అన్నారు:
"రిపోర్టు నార్మల్ అని వచ్చిన రోజే
నేను చాక్‌పీసు పైకెత్తలేకపోయాను.
మందు పనిచేసిందని
ఆ రోజే రాసుకున్నారు మీరు."

రెహానా మాట్లాడలేదు.
కాగితం మూలన చీమల్లాంటి అక్షరాలు:
బీచ్‌లో ఒక్క పొట్లం మురీ మిక్చర్ తింటే
ఏమవుతుందో ఎవరైనా కనిపెట్టారా?

నా వంతు.
రాత్రంతా అద్దం ముందు చెప్పుకున్న మాట.
మీరు నిమిషాల్లో అడగొద్దు, స్టాపుల్లో అడగండి,
మంచిరోజు మూడు స్టాపులు ఆగగలను,
చెడ్డరోజు...
అనేలోగా చెడ్డరోజు వచ్చేసింది.
కుర్చీ వెనక్కి పడిన చప్పుడు కూడా వినకుండా
పరిగెత్తాను.

వరండా, మలుపు, బకెట్టు, చల్లటి గోడ.
మొహం కడుక్కుంటూ లెక్క వేసుకున్నాను,
ఈపాటికి ఆరో ప్రశ్నలో ఉంటారు.
నేను లేకుండానే అన్నీ జరిగిపోవడం
నాకు అలవాటే: చెల్లెలి పెళ్లిలో తలంబ్రాలు,
డిపోలో గ్రూపు ఫొటో.

తలుపు తోశాను.
ఎవరూ మాట్లాడటం లేదు.
కుర్చీ నిలబెట్టి ఉంది.
డాక్టరుగారి పెన్ను
నేను వదిలిన వాక్యం దగ్గరే ఉంది.
మసేను నవ్వాడు,
"కండక్టరు లేకండా బండి కదుల్తాదేటి?"

జబ్బేమీ తగ్గలేదు.
డబ్బు మంజూరవుతుందో లేదో ఇంకా తెలీదట.
కొత్త కాగితం మీద మొదటి ప్రశ్న
తలుపు దాకా ఎంతదూరం ఆగగలరు, అని.
మురీ మిక్చర్ పదోది.
మసేను ప్రశ్నకి మాత్రం
గడి ఎలా గీయాలో ఎవరికీ తోచక
అడుగున ఒక ఖాళీ గీతే వదిలారు.

నిన్న కాన్వెంట్ జంక్షన్లో
లారీల మధ్య బండి ఇరుక్కుంది.
ఊపిరి బిగబట్టాను.
ఈసారి లెక్కపెట్టాను కూడా.
దిగాక, టిక్కెట్టు వెనక రాసుకున్నాను:
రెండు స్టాపులు.
మంగళవారం చెప్పాలి.